తొలిపాఠము: ఆర్డెను తెలుఁగు వ్యాకరణ విమర్శనము

ఏ శాస్త్రగ్రంథమునకైనను విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి యను నాలుగు అనుబంధములు చెప్పవలయునని పూర్వుల మర్యాద. అందు మొదటి మూఁటిని గుఱించి విమర్శకులు విస్తరించి వ్రాయుదురు. నాలుగవదానిని తఱచుగా దాఁటిపోవుదురు. గ్రంథమును జదువువాని స్థితి తెలియక దానికి గుణదోషనిర్ణయము చేయుట రోగిని జూడక మందు మంచిచెడ్డలు చెప్పుట వంటిది. వ్యాకరణముల విషయమున నీ లోపము మఱింత హానికరము. ఏలయన వ్యాకరణమునకు అధికారు లిరువురు కలరు. ఒకఁడు భాషను తల్లియొడిలో నేర్చి, తాను పలుకు మాటలలో సాధువేది యసాధువేది యని తెలిసికొనఁ గోరువాఁడు. రెండవవాఁడు ఆ భాషలో మంచినీళ్లడుగుటకైనను నోరు రానివాఁడు. ఈ యిరువురకు నొక్క గ్రంథము చాలదు.

పాణిని సూత్రములును, చిన్నయసూరి బాలవ్యాకరణమును మొదటి యధికారికొఱకు వెలసినవి. పతంజలి మహాభాష్యారంభమునఁ జూపిన కుమ్మరి దృష్టాంతమునకుఁ దాత్పర్య మిదియే: లోకము తనకుఁ గావలసిన మాటలను వైయాకరణునియొద్దఁ జేయించుకొనదు, ఉన్న మాటలను వాడుకొనుచునే యుండును. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున 'బాల' శబ్దమునకు శాస్త్రమునకుఁ గ్రొత్తవాఁడని యర్థము గాని భాషకుఁ గ్రొత్తవాఁడని కాదు. ఆ సూత్రములు వల్లించు బాలుఁడు అప్పటికే 'ఇంటికి' అనును, 'ఇల్లుకు' అనఁడు. ఏల 'ఇంటికి' యగునో సూరి యతనికిఁ జెప్పును. పరదేశి స్థితి యట్టిది కాదు. అతనికి ముందు రూపము కావలెను. ఏలయను ప్రశ్న వెనుకఁ బుట్టును. ఈ రెండవ యధికారికై పుట్టిన గ్రంథములలో ఆల్బర్టు హెన్రీ ఆర్డెను 1873లో మద్రాసునఁ బ్రకటించిన తెలుఁగు వ్యాకరణము ముఖ్యమైనది. ఆ గ్రంథమునందలి పాఠక్రమమెట్టిదో, అందలి సంజ్ఞలు క్రొత్తవానికెంత యుపకరించునో నెల్లూరు తీరమును నిదర్శనముగాఁ గొని పరీక్షింపవలసియున్నది.

నెల్లూరు తీర మిట్టి పరీక్షకుఁ దగినచోటు. 1610లో డచ్చివారు పులికాటునను, 1626 ప్రాంతమున నాంగ్లేయులు దుర్గరాజపట్టణమునను వర్తకస్థానము లేర్పఱచుకొనిరి. పులికాటు పట్టణము నేఁడు తమిళనాఁటఁ జేరినను దాని పేరిటి సరస్సులో నధికభాగము ఆంధ్రదేశముననే యున్నది. ఆ వర్తకులకు దేశభాష నేర్వవలసిన యక్కఱ స్వల్పము. ద్విభాషి శబ్దమునుండి కలిగిన దుబాసీ శబ్దమే నాఁటి స్థితిని దెలుపుచున్నది. రెండు భాషలు ఒక్కనికి వచ్చినచోఁ దక్కినవారికి రానక్కఱలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో నీ స్థితి మాఱెను. శిస్తు నిర్ణయించు కలెక్టరునకు, తీర్పు చెప్పు న్యాయాధిపతికి, మతము బోధించు మిషనరీకి దుబాసీ చాలఁడయ్యెను. అమెరికా బాప్తిస్టు సంఘమువాఁడగు సామ్యుల్ డే 1840లో నెల్లూరు చేరెను. లైమన్ జూయెట్టు 1849లో వచ్చెను. జాన్ క్లౌ 1865లో నెల్లూరిలో దిగి, అచటఁ దెలుఁగు నేర్వనారంభించి, 1866లో ఒంగోలునకుఁ దరలెను. ఏఁడాది రెండేఁడులలో పల్లెజనులతో మాటాడవలసినవానికి ఏది తొలిపాఠము కావలయును? ఈ ప్రశ్న యట్టివారికి శాస్త్రవినోదము కాదు; దినదినము నెదురగు చిక్కు.

ఆర్డెనునకుఁ బూర్వులు పలువురు కలరు. బెంజమిన్ షుల్జు 1728లోనే లాటినుభాషలోఁ దెలుఁగు వ్యాకరణ మొకటి రచించెను. అది 1984లోఁ గాని యచ్చుపడలేదు. విలియం కేరీ 1814లో శ్రీరామపురమునను, క్యాంబెలు 1816లో మద్రాసునను వ్యాకరణములు ప్రకటించిరి. 1817లో మఱియొక యుద్యోగి గ్రంథము వెలువడెను. వీనిలోఁ క్యాంబెలు గ్రంథము ప్రౌఢమైనది. దేశీయపండితుల సంప్రదాయము నతఁడు శ్రద్ధతోఁ బరిశీలించెను. తనకుఁ దోడ్పడిన ఉదయగిరి వేంకటనారాయణయ్యను గౌరవముతో స్మరించెను. తెలుఁగు సంస్కృతజన్యము కాదనియు, తమిళకర్ణాటములతో నేకకుటుంబములోనిదనియు ఎల్లిసు నిరూపించిన ప్రసిద్ధలేఖనము ఆ గ్రంథమునకే పీఠికాంగమై వెలువడెను. కాని యధికారిదృష్టితోఁ జూచినచో నందొక లోపము కనఁబడును. అక్షరముల వెంటనే సంధికార్యములు వచ్చును. లోపాగమాదేశములు తెలిసిన పిదపఁ గాని నామము రాదు. నామ మంతయు ముగిసినఁ గాని క్రియ రాదు. ఇది శాస్త్రమునకు సహజమైన క్రమము. విడిమాటలే యెఱుఁగనివానికి మాటల కలయిక నుపదేశించుట మాత్రము ధాన్యము రాకమున్నే గాదె కొలుచుట వంటిది.

1817లో మద్రాసున దిగి, వెలగపూడి కోదండరామపంతులు మొదలగువారియొద్దఁ దెలుఁగు నేర్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను ఈ చిక్కును స్వయముగా ననుభవించెను. అతని వ్యాకరణము 1840లో వెలువడెను. అయినను తొలియభ్యాసికి నతఁడు చేసిన యుపకారము వ్యాకరణమునకంటె 1852 నాఁటి తెలుఁగు వాచకమున నెక్కువగాఁ గలదు. అందలి పాఠములు కావ్యభాగములు కావు. ఇంటి యుత్తరములు, వ్యాపారపుటుత్తరములు, పోలీసు రెవిన్యూ వ్యవహారముల కాగితములు. కచేరీలోఁ గూర్చుండువాని కేది రేపటి యక్కఱయో దానిని నేఁటి పాఠముగాఁ జేయుట యచటి నీతి.

పరభాష నేర్చుటలోఁ గల కష్టము దొరలకే పరిమితము కాదు. నాఁటి నెల్లూరు మండలమునఁ గందుకూరు ప్రాంతపు ఓగూరిలో 1784లోఁ బుట్టిన వెన్నెలకంటి సుబ్బారావు పలుభాషలు నేర్చి, మద్రాసు సదరు న్యాయస్థానమునఁ దర్జుమాదారుగాఁ బనిచేసెను. ఆంగ్లమున నతఁడు వ్రాసికొనిన స్వీయచరిత్రమును 1873లో నతని కుమారుఁడు ప్రకటించెను. ఆర్డెను వ్యాకరణము వెలువడిన వత్సరము నదియే. ఈ సుబ్బారావు 1820లో మద్రాసు పాఠ్యపుస్తకసంఘమునకు విద్యాస్థితిని గుఱించి నివేదించినపుడు, అర్థము తెలియని వల్లెవేఁతను దోషముగా నెన్నెను. తెలుఁగుబిడ్డకుఁ దెలుఁగు చెప్పుటలోనే యీ దోష ముండఁగా, పరదేశికిఁ జెప్పుటలో నుండుట వింత కాదు.

ఇఁక ఆర్డెను గ్రంథము. ఇతఁడు బందరునఁ బనిచేసిన క్రైస్తవమిషనరీ. తరువాతికాలమునఁ గేంబ్రిడ్జిలోఁ దమిళాంధ్రములు బోధించెను. ఇతని వ్యాకరణము మూఁడు భాగములు. మొదటిది ప్రవేశవ్యాకరణము, రెండవది వాడుకభాషకు సంపూర్ణవ్యాకరణము, మూఁడవది గ్రంథములందలి భాషను గుఱించినది. నడుమనడుమ నుదాహరణములు నభ్యాసములును విరివిగాఁ గలవు. ఈ విభాగమే యీ గ్రంథమునకుఁ బ్రాణము. నోటిమాట వేఱు, గ్రంథపు మాట వేఱు అని యతఁడు దాఁచలేదు. ఒకదానిని రెండవదానికి వికారమని చెప్పి యభ్యాసిని భయపెట్టలేదు. మొదట నేది చెవిని బడునో దానిని మొదట నుంచి, కన్నులఁ బడుదానిని వెనుక నుంచెను. చెవి ముందు, కన్ను వెనుక యనునది లోకమున నెల్లశిశువులకు విధి చేసిన క్రమమే. కనుక నీ యేర్పాటు శాస్త్రవిరుద్ధమని తలంచుట పొరపాటు.

దీని ప్రయోజనము నెల్లూరు తీరమున స్పష్టముగాఁ దెలియును. గ్రంథభాషఁ జదివినవాఁడు 'వచ్చుచున్నాఁడు' అని నేర్చును. వాడుకవ్యాకరణము చదివినవాఁడు 'వస్తున్నాడు' అని నేర్చును. నెల్లూరి పల్లెలో నతనికి వినవచ్చునది 'వస్తుండాడు'. 'ఉన్నది' యనుచోట 'ఉండాది' వినఁబడును. తన పుస్తకము తప్పో, ఊరివారు తప్పో యతనికిఁ దెలియదు. రెండును తప్పు కావు. 'ఉన్నవాఁడు' సంకుచితమై 'ఉన్నాఁడు' అయినట్లే, 'ఉండినవాఁడు' సంకుచితమై 'ఉండాడు' అయినదని యూహింపవచ్చును. ధాతువునందలి డకారమును నెల్లూరి పల్లెవాఁడు విడువలేదు. గ్రామ్యమని పండితుఁడు పెదవి విఱుచు రూపమే ధాతువునకు మిక్కిలి చేరువగా నున్నది. ఆర్డెను భాషాద్వయమును జూపెను గాని, మండలభేదముల కట్టి స్థానము కల్పింపలేదు. అతఁడు వాడుక యనునదియు నొక్కటి కాదు. బందరు వాడుకతో బయలుదేఱినవాఁడు నెల్లూరిలో మరల నభ్యాసి యగును. ప్రతిపాఠమునకుఁ జివర నిట్టి రూపభేదములు నాలుగైదు చూపినచో నీ కొఱత తీఱెడిది.

ఇంతకంటె గురుతరమైన లోపము సంజ్ఞల విషయమునఁ గలదు. ఆంగ్లవ్యాకర్తలు తెలుఁగు నామములను లాటినుభాషామర్యాదను మూఁడు తెగలుగా విభజించుచు వచ్చిరి. 'తమ్ముఁడు' వంటి డుకారాంతము లొక తెగ. 'గుఱ్ఱము' వంటి ముకారాంతము లొక తెగ. తక్కినవన్నియు మూఁడవ తెగ. ఆర్డెనును ఇంచుమించుగా నీ దారినే నడచెను. లాటినున నామమునుబట్టి విభక్తిప్రత్యయములు మాఱును. కాఁబట్టి యచటఁ దెగలు కావలెను. తెలుఁగునఁ బ్రత్యయములు మాఱవు. తమ్మునికి, గుఱ్ఱమునకు, ఇంటికి అనుచోట్ల నొక్క ప్రత్యయమే చేరినది. కి కు భేదము ముందున్న స్వరముననుసరించి వచ్చినది. మాఱునది ప్రత్యయము కాదు, ప్రకృతి. ఇల్లు ఇంటి యగును. నోరు నోటి యగును. ఊరు ఊరి యగును. చేయి చేతి యగును. ఈ మాఱుపాటును సూరి ఔపవిభక్తిక మను నొక్క సంజ్ఞతోఁ దేల్చెను. క్రొత్తగా నేర్చువానికి ప్రతినామమునకు రెండు రూపములు చెప్పిన చాలును: ఇల్లు, ఇంటి. అటుపిమ్మట నుండు ప్రత్యయములు పదిలోపల. మూఁడు తెగల పట్టికలు వల్లించు శ్రమ తప్పును. బాలవ్యాకరణము భాషకుఁ గ్రొత్తవానికొఱకుఁ బుట్టకపోయినను, ఆతని కత్యంతోపకారకమగు పనిముట్టు దానిలోనే యున్నది. దాని నాంగ్లవ్యాకర్త కైకొనలేదు, పండితుఁ డందీయలేదు.

లింగవిషయము నిట్టిదే. పుంలింగము, స్త్రీలింగము, నపుంసకము అని యారంభించిన యాంగ్లవ్యాకరణము 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది' యను వాక్యములను జూచి చిక్కుపడును. బహువచనమున 'స్త్రీలు వచ్చినారు', 'ఆవులు వచ్చినవి' యనవలసివచ్చినపుడు మఱియొక యపవాదము చేర్చును. మహత్తు, మహతి, అమహత్తు అను దేశీయవిభాగము చెప్పినచో నిది యపవాదము కాదు. ఏకవచనమున మహతి యమహత్తుతోఁ గూడును, బహువచనమున మహత్తుతోఁ గూడును అను నొక్క వాక్యముతో సరిపోవును. కాలవిషయమున 'వచ్చును' అను రూపమునకు వర్తమానమని కొందఱు, భవిష్యత్తని కొందఱు పేరిడి తడఁబడుదురు. తద్ధర్మార్థక మను పేరు, అనఁగా నది యతని స్వభావమని తెలుపు రూపమను పేరు, తడఁబాటును దొలఁగించును. 'వచ్చిన మనుష్యుఁడు' అనుచోట నాంగ్లేయుఁడు తన భాషయందలి సంబంధసర్వనామమును వెదకును. అది తెలుఁగునకు సహజము కాదు. ధాతువునుండి పుట్టిన విశేషణమని చెప్పినచో వెదకులాట యుండదు.

కొన్ని భేదములు వ్యాకరణమున స్వల్పములుగాఁ గనఁబడి లోకమున గొప్పవగును. 'మేము' అనినచో వినువాఁడు వెలుపల. 'మన' మనినచో వినువాఁడు లోపల. ఆంగ్లమున రెంటికి నొక్కటే మాట. నెల్లూరి బోధకుఁడు తన యెదుట నున్నవారిని గలుపుకొని 'మనము దేవుని బిడ్డల' మనవలసినచోట 'మేము' అనినచో వారిని వీధిలో నిలిపి తలుపు వేసికొనినట్లగును. కలెక్టరు 'మా పొలము' అనవలసినచోట 'మన పొలము' అనినచో రైతునకు నవ్వు రాదు, భయము కలుగును. వృద్ధుని 'నీవు' అని పిలిచినవాని వ్యాకరణము నిర్దుష్టమే. ఆతని మర్యాద మాత్రము దుష్టము. ఇట్టి మాటలు తొలిపాఠమున నుండవలెను. పట్టికలలో సర్వనామప్రకరణమువచ్చు వఱకు వీనిని నిలుపరాదు.

క్రొత్తగా నేర్చువాని ప్రశ్నకు విలువ యెంతయో తెలుఁగుదేశమే యొక నిదర్శనము చూచినది. 1907 ప్రాంతమున నుత్తరమండలముల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొర తెలుఁగు నేర్వఁబూని, పుస్తకమునఁ జదివినదానికి, నోట వినుదానికి నింత భేదమేల యని యడిగెను. పి. టి. శ్రీనివాసయ్యంగారు, గిడుగు రామమూర్తిపంతులు ఆ ప్రశ్నను బట్టుకొనిరి. తరువాతి వాదము లోకవిదితము. 1911లో జయంతి రామయ్యపంతులు మొదలగువా రాంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించి గ్రాంథికపక్షమును నిలిపిరి. ఇరుపక్షములవారును మహాపండితులు. కాని యా కోలాహలములో మొదటి ప్రశ్న మఱుగుపడెను. దొర యడిగినది కావ్యములు నేభాషలో వ్రాయవలెనని కాదు. తనకు ముందేది నేర్పుదురని. గ్రాంథికపక్షమువారు దానిని భాషపై దండయాత్రగాఁ దలఁచిరి. వ్యావహారికపక్షమువారు దానిని విజయధ్వజముగాఁ గొనిరి. అధికారిభేదము నెంచియుండినచో నీ వాదమునందు సగము తీఱియుండెడిది.

నెల్లూరివారికి నీ వివేకము క్రొత్త కాదు. నెల్లూరి ఆంధ్రభాషాభిమాని సమాజమునకు మూలపురుషుఁడగు వేదము వేంకటరాయశాస్త్రి గ్రాంథికభాషాపక్షపాతి. అట్టివాఁడు 1897 నాఁటి ప్రతాపరుద్రీయనాటకమునఁ జాకలి పేరిగాని నోటఁ జాకలిమాటనే పలికించెను. పాత్రోచితభాషను సమర్థించుచుఁ బ్రత్యేకనిబంధమును వ్రాసెను. పాత్రమునకుఁ దగిన భాష నాటకమున ధర్మమైనపుడు, అభ్యాసికిఁ దగిన భాష పాఠమున ధర్మము కాకుండు టెట్లు? శాస్త్రిగారి సిద్ధాంతమే ఆర్డెను పాఠక్రమమునకు సమర్థనము.

దూరదేశమున నీ ప్రశ్నకుఁ జెప్పిన సమాధాన మొకటి పోల్చిచూడఁదగినది. బాల్కనుదేశములలోని మాసిడోనియాభాష స్లావుకుటుంబమునకుఁ జెందినది. మిసిర్కొవు 1903లోనే దేశమధ్యమునందలి వాడుకను గ్రంథభాష చేయవలయునని వాదించెను. 1945లో నా భాషకు ముప్పదియొక యక్షరముల వర్ణమాల స్థిరపడెను. బ్లాజె కొనెస్కి మొదలగువారు జనులు పలుకు భాషనే వ్యాకరణబద్ధము చేసిరి. హొరేసు లంటు 1952లో దానికి నాంగ్లమున వ్యాకరణము రచించెను. అందు 'గ్రాద్' అనఁగాఁ బట్టణము. 'గ్రాదొత్' అని తుదను జేర్చిన మున్ను తెలిసిన పట్టణము, 'గ్రాదొవ్' చేరువనున్నది, 'గ్రాదొన్' దూరముననున్నది. ఆంగ్లేయునకు నిర్దేశకము వెనుకఁ జేరుట వింత. తెలుఁగువానికిఁ బ్రత్యయము వెనుకఁ జేరుటయు, ఈ ఆ యను సామీప్యదూరభేదమును జన్మసిద్ధములు. ఆ పాఠ మతనికి సగము వచ్చినట్లే. ఏ తొలిపాఠమైనను అభ్యాసి యప్పటికే యెఱిఁగినదానినుండి మొదలు కావలెననుట కిది నిదర్శనము. అచటి క్రొత్తవాఁడు పలుకునదియు, చదువునదియు మిక్కిలి చేరువ. తెలుఁగున కట్టి సౌలభ్యము లేదు. నన్నయనాఁటినుండి పెరిగిన గ్రంథభాషను, నెల్లూరివాఁడైన తిక్కన పదునైదు పర్వముల సంపదను ఎవరును విడువఁజాలరు. కనుక రెండంతస్తుల యింటికి మెట్లు కట్టుటయే తెలుఁగువాని పని. ఆర్డెను మెట్లు కట్టినవాఁడు.

ఈ విచారము గడచిన కాలపు దొరలతో ముగియలేదు. నెల్లూరు తీరమున వల లాగి జీవించు పట్టపువారి యిండ్లలో వినవచ్చు మాట అఱవమునకుఁ జేరువైనది; అందుఁ దెలుఁగు పదములు కలసియున్నవి. ఆ యింటి బిడ్డ బడిలోఁ దొలిసారి తెలుఁగు పుస్తకము తెఱచినపుడు వాఁడును రెండవ యధికారియే. కాని వానిని తల్లిభాషగాఁ దెలుఁగు వచ్చినవానిక్రింద జమకట్టి పాఠము మొదలుపెట్టుట సులభమైన పొరపాటు. దొరకు నెలకు జీతమిచ్చి పెట్టుకొనిన మునిషీ యుండెను. ఈ బిడ్డకు మునిషీ లేఁడు. వాని తడఁబాటును మందబుద్ధియని యుపాధ్యాయుఁడు తలంచినచో ఆ బిడ్డ బడి విడిచి పడవ యెక్కును. తొలిపాఠమునందలి క్రమభంగమునకు మూల్యము వ్యాకర్త చెల్లింపఁడు, బిడ్డ చెల్లించును.

కాఁబట్టి నిర్ణయ మిది. ఆర్డెను వ్యాకరణము క్రమమున గొప్పది, సంజ్ఞలలోఁ గొఱతపడినది. బాలవ్యాకరణము సంజ్ఞలలో గొప్పది, క్రొత్తవానికిఁ దగు క్రమము దానికి లేదు. మొదటిదాని వరుసలో రెండవదాని సంజ్ఞలను బొదిగి, ఆ యా మండలముల రూపభేదములను జేర్చి, పలుకువానికిఁ గాక నేర్చువానికి నుపకరించు వ్యాకరణ మొకటి తెలుఁగుపండితులే రచింపవలసియున్నది. అందు మొదటి పుటలో వర్ణోత్పత్తి యక్కఱలేదు, సంధి యక్కఱలేదు. 'మీ దేయూరు?', 'మాది యీయూరే', 'ఇంట నెవరున్నారు?', 'అమ్మ యున్నది' అను వాక్యములు చాలును. ఈ నాలుగింటిలో మే మను భావమున్నది, మర్యాదయున్నది, ఔపవిభక్తికమున్నది, మహతీలక్షణమున్నది. మాటాడుటకుఁ దగిన మాటలు ముందు వచ్చినచో వాని లక్షణము నడుగు కోరిక దానంతట నదియే పుట్టును. సూత్రము నప్పుడు చెప్పవలెను.